నేల మీది శాపం ఎవరి పాపం? కోత పండుగ ప్రసంగం మీద చర్చ

నాంపల్లి మట్టి:
అందరికీ వందనాలు. ఈ ఏడు మా సంఘంలో కోత పండుగకు వచ్చిన ఒక యువ పాస్టర్ గారు ఆదికాండం మొదటి మూడు అధ్యాయాలు తీసుకుని మాట్లాడారు. ఆ రోజు నుంచి సంఘంలో ఒకటే గొడవ. సగం మంది బాగుందంటున్నారు, పెద్దలు తప్పుడు బోధ అంటున్నారు. ఇక్కడ వాక్యం బాగా చదివినవాళ్లూ ఉన్నారు, సైన్సు చదివినవాళ్లూ ఉన్నారు కాబట్టి మీ ముందు పెడుతున్నాను.

ఆయన చెప్పింది ఇది. దేవుడు మనిషిని చేసి మొదట అప్పగించిన పని తోట పని. ఏదెను తోటను సేద్యం చేయమని, కాయమని అక్కడ పెట్టాడు. తప్పు జరిగాక మూడో అధ్యాయంలో శాపం పడింది సర్పం మీద, నేల మీద. ఆదామునూ హవ్వనూ శపించినట్టు అక్కడ లేదు. కష్టపడతారన్నాడు, చెమటోడ్చి తింటారన్నాడు, చివరికి మట్టిలో కలుస్తారన్నాడు. అయినా తోటలోంచి పంపేముందు తానే చర్మపు చొక్కాలు చేసి తొడిగాడు. అంటే మనిషి చేసినదానికి నేల దెబ్బ తిన్నది. విమోచన మన ఆత్మల వరకే అయితే, మన మూలంగా చెడిన నేలను దేవుడు సగంలో వదిలేసినట్టు కాదా అని అడిగారు.

తర్వాత రోమా 8 చదివారు. 'సృష్టి యావత్తు ఇదివరకు ఏకగ్రీవముగా మూలుగుచు ప్రసవవేదనపడుచునున్నది' అని పౌలు రాశాడు. శపించిన నేల ముళ్లు మొలిపిస్తే ఆ ముళ్లనే కిరీటంగా యేసు తల మీద పెట్టారు, నేల శాపాన్ని ఆయన అక్కడ మోశాడు అన్నారు. లేచిన రోజు పొద్దున మగ్దలేనే మరియ ఆయన్ని చూసి తోటమాలి అనుకుంది, ఆదాము వదిలేసిన పనిని ఆయన మళ్లీ చేతికి తీసుకున్నాడు అని ముగించారు. చివర్లో ఒక్క మాట: "మీ మండలంలో సృష్టి మూలుగు వినాలంటే మీ బోరు నీళ్లు తాగి నడుము వంగినవాళ్ల దగ్గర కూర్చోండి."

నాకు ఆ మాట బాగా తగిలింది. సిలువ నేలకు కూడానా, మనుషులకేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

వాక్యమే దీపం:
ప్రభువు నామంలో వందనాలు సిస్టర్. నేను దేవరకొండ వైపు సంఘ పెద్దను. మీ పాస్టర్ గారి మాటలు వినడానికి ఇంపుగా ఉన్నాయి, అందుకే ప్రమాదం. మూడు సంగతులు చెప్తాను.

ఒకటి, రెండవ పేతురు మూడో అధ్యాయం చదవండి. ఈ భూమి, దాని మీది పనులన్నీ కాలిపోతాయని ఉంది. కాలిపోయేదాన్ని విమోచించడం ఏమిటి? రెండు, సిలువ మీద పక్కనున్న దొంగకు ప్రభువు 'నీ చేను బాగవుతుంది' అని చెప్పలేదు, పరదైసులో ఉంటావన్నాడు. మూడు, అన్నిటికంటే ముఖ్యమైనది రోమా 5:12. 'ఒక మనుష్యునిద్వారా పాపమును పాపముద్వారా మరణమును' లోకంలోకి వచ్చాయి. ఆదాముకు ముందు మరణం లేదు, రోగం లేదు, విషం లేదు. ఆ పునాది కదిలిందంటే సిలువ అవసరమే లేకుండా పోతుంది. ఎందుకంటే ప్రభువు చచ్చింది ఆ మరణాన్ని తీసేయడానికి.

నీళ్లు, చెట్లు, బోర్లు చూడడానికి సర్కారు ఉంది. ఆత్మలను చూడడానికి సంఘం ఒక్కటే ఉంది. అది కూడా బోర్లు చూడబోతే ఆత్మలను ఎవరు చూస్తారు?

పాలమూరు వలస:
బ్రదర్, విషం లేదంటున్నారు. అయితే మన నీళ్లలో ఫ్లోరైడ్ కూడా ఆదాము తప్పు వల్ల వచ్చిందేనా?

వాక్యమే దీపం:
అవును. నేల శాపంలో అదీ భాగమే. 'నీ నిమిత్తము నేల శపింపబడియున్నది' అని స్పష్టంగా ఉన్నాక ఇంకేం కావాలి?

రాళ్ల బడి:
నేను భూగర్భ జలాల మీద పని చేసేవాణ్ని, ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లేవాణ్ని. రెండూ కలిపే చెప్తాను.

నల్లగొండ కింద ఉన్న గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. ఆ రాతిలో ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ లాంటి ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు పుట్టుకతోనే ఉన్నాయి. వాన నీరు పగుళ్లలోకి దిగి ఏళ్ల తరబడి రాతిని ఒరుసుకుంటూ నిలబడితే ఫ్లోరైడ్ కొంచెం కొంచెంగా కరుగుతుంది. నీటిలో కాల్షియం తక్కువై క్షారం ఎక్కువైతే మరీ కరుగుతుంది. లోతు బోరులో నీరు రాతితో ఎక్కువ కాలం ఉంటుంది కాబట్టి అక్కడ ఎక్కువ దొరుకుతుంది. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర వరకు అని మన దేశ ప్రమాణం. అంతకు మించినవి ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్ల మీద గోధుమ రంగు చారలు, తర్వాత వెన్ను, మెడ, మోకాళ్లు బిగుసుకుపోతాయి. మరగబెడితే పోదు, ఇంకా చిక్కబడుతుంది. నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో దాన్ని తీసే పద్ధతి కనిపెట్టి దానికి నల్లగొండ టెక్నిక్ అని మన జిల్లా పేరే పెట్టింది. అంత పేరు మోశాం మనం.

ఆ రాయి మనిషి కంటే ఎంతో ముందుది. దేవుడు చూసి మంచిదన్న సృష్టిలో ఆ రాయి కూడా ఉంది. రాయి ఏ పాపం వల్లా చెడలేదు. కరువుల్లో పైనీళ్లు ఎండిపోయి, చెరువులు పూడిపోయి, బోరు మీద బోరు దింపి, ఆ నీళ్లే తాగక తప్పని స్థితి వచ్చింది. అది మనుషుల కథ.

మునుగోడు రైతు:
మనుషుల కథే. నాగార్జునసాగర్ మన జిల్లాలోనే ఉంది. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. పైనున్న మా మండలాలు మాత్రం బోరు నీళ్లే తాగాయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ సీటుకు 480 మంది నిలబడ్డారు, మా నీళ్ల గోస దేశానికి వినపడాలని. ఇందులో ఆదామును ఎందుకు లాగుతున్నారు?

వాక్యమే దీపం:
రాళ్ల బడి గారూ, మీ 250 కోట్ల లెక్క మీరే ఉంచుకోండి. నేను అడిగేది ఒక్కటే. ఆదాముకు ముందు మరణం ఉందా, లేదా? అవునో కాదో చెప్పండి.

రాళ్ల బడి:
ఉంది. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం నిలబెట్టి ఉంది. ఆదిలాబాద్ వైపు యామనపల్లి దగ్గర తవ్విన ఎముకలు అవి. జురాసిక్ కాలం నాటివి. మనిషి పుట్టకముందే ఆ జంతువు పుట్టింది, తిన్నది, చచ్చింది.

వాక్యమే దీపం:
అది నోవహు జలప్రళయంలో చచ్చింది.

రాళ్ల బడి:
అయ్యగారూ, ప్రళయంలో చచ్చి ఉంటే దాని పక్కన మనిషి ఎముక, మేక ఎముక, ఎద్దు ఎముక కూడా దొరకాలి. ఆ పొరల్లో ఒక్కటీ దొరకలేదు.

కల్వకుర్తి చెల్లె:
నాదొక సందేహం. తోటలో ముళ్లు లేవంటే తుమ్మ చెట్టుకు ముల్లు తర్వాత వచ్చిందా? మా చేనులో కంప మొత్తం ముల్లే కదా.

వాక్యమే దీపం:
అవును, తర్వాతే. 'ముండ్ల తుప్పలను గచ్చపొదలను అది నీకు మొలిపించును' అని మూడో అధ్యాయంలో ఉంది. అంతకు ముందు ముళ్ల మాటే లేదు.

రాళ్ల బడి:
'నీకు మొలిపించును' అన్నాడు అయ్యగారూ. మనిషి సాగు చేసే పొలంలో. కంప ఎప్పుడూ ఉంది, పొలంలోకి వచ్చి పంటను మింగడం మనిషికి కష్టం.

వాక్యమే దీపం:
వాక్యాన్ని మీ సైన్సుకు తగ్గట్టు వంచుతున్నారు.

నాంపల్లి మట్టి:
నేను డైనోసార్ గురించి అడగలేదు, తుమ్మ ముల్లు గురించీ అడగలేదు. యేసు చేసిన పని నేలకు చేరుతుందా అని అడిగాను. దయచేసి దానికి రండి.

సాయంత్రపు గంట:
నేను కథోలికుణ్ని, నల్లగొండ పట్నం. మట్టి గారి ప్రశ్నకే జవాబు చెప్తాను.

ఆ పాస్టర్ గారు కొత్త సంగతి చెప్పారని అందరూ అనుకుంటున్నారు. అది చాలా పాతది. రెండో శతాబ్దంలో లియోన్ పట్టణంలో ఐరేనియస్ అనే బిషపు ఉండేవాడు. ఆ కాలంలో కొందరు ఈ లోకం, ఈ శరీరం, ఈ మట్టి అంతా చెడ్డదని, దాన్ని చేసింది మంచి దేవుడు కాదని బోధించేవాళ్లు. ఐరేనియస్ వాళ్లతో వాదించాడు. ఈ మట్టిని చేసిన దేవుడే రక్షించే దేవుడు, లేకపోతే ఈ లోకపు రొట్టెను, ద్రాక్షారసాన్ని ఎత్తి ఇది నా శరీరం, ఇది నా రక్తం అని క్రీస్తు ఎందుకంటాడు అని అడిగాడు. ఆదాము హవ్వలను పూర్తిగా ఎదిగి కూలిపోయినవాళ్లుగా ఆయన చూడలేదు. ఇంకా ఎదగాల్సిన పిల్లలుగా చూశాడు. క్రీస్తు పసితనం నుంచి మనిషి బతుకు మొత్తం బతికి, ఆదాము చోట తప్పిన దారిని మొదటి నుంచి మళ్లీ నడిచి సరి చేశాడని ఆయన బోధ. మనమందరం ఆదాము అపరాధంతోనే పుడతామనే మాటను పడమటి సంఘాల్లో గట్టిగా నిలబెట్టింది అగస్టీను. ఆయన రెండు వందల ఏళ్ల తర్వాతవాడు.

కాబట్టి సృష్టి కథను ఒక్క పతనంగానే చదవాలని ఎవరూ రాతిలో చెక్కలేదు. ఎదుగుదల కథగా చదివినవాళ్లు మొదటి నుంచీ ఉన్నారు.

వాక్యమే దీపం:
బిషపులు మాకు ప్రమాణం కాదు, వాక్యమే ప్రమాణం. ఎదుగుదల అంటున్నారు. చిన్నపిల్లలు తప్పు చేస్తే సిలువ ఎందుకు, నాలుగు మంచి మాటలు చాలవా?

ఇంకా చెప్తాను. ఈ రాళ్లు, కాలువలు, సర్కారు అని చెప్పుకుంటూ పోతే ఎవడూ తన పాపం చూసుకోడు. నేను చాలా ఏళ్లుగా పడకల దగ్గర ప్రార్థన చేస్తున్నాను. యాకోబు పత్రిక అయిదో అధ్యాయంలో ఉన్నట్టు మీ పాపాలు ఒప్పుకోండి అని అడుగుతాను. నడుము వంగినవాళ్లలో ఒప్పుకుని లేచి నడిచినవాళ్లను ఈ కళ్లతో చూశాను. లేవనివాళ్ల దగ్గర ఏదో దాగి ఉంటుంది.

మునుగోడు రైతు:
ఈ చివరి మాట వెనక్కి తీసుకోండి.

పాలమూరు వలస:
అయ్యగారూ, ఇది తప్పు.

నాంపల్లి మట్టి:
లేవనివాళ్లలో మా నాయన ఒకడు. చెప్పకూడదనుకున్నాను, మీరు చెప్పించారు.

మా నాయన బావులు తవ్వే పనికి పోయేవాడు. ఊళ్లో అందరికంటే ఎక్కువ నీళ్లు తాగేవాడు, ఎండలో పని కదా. ముందు మెడ పట్టేసింది. పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. తర్వాత నడుము. తర్వాత కింద కూర్చోలేడు, కూర్చుంటే లేవలేడు. ప్రభువు బల్ల రోజున, అంటే సంఘంలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజున, గిన్నె నోటికి ఎత్తలేడు, మెడ వెనక్కి వంగదు. అమ్మ ఇంట్లోంచి కొంగులో చెంచా కట్టుకుని వచ్చి దానితో పోసేది. అది చూసి చిన్నపిల్లలు నవ్వేవాళ్లు.

ఒక స్వస్థత కూటానికి తీసుకుపోయాం. అక్కడి సేవకుడు మా నాయనను ముందు నిలబెట్టి, ఏదో దాచావు, ఒప్పుకో అన్నాడు. ఏమీ లేదన్నాడు నాయన. ప్రార్థన చేశారు, మళ్లీ అడిగారు. జనం అంతా చూస్తున్నారు. నాయన కాళ్లు వణుకుతున్నాయి, నిలబడలేక. చివరికి చిన్నప్పుడు ఆకలికి పటేలు చేనులో జొన్న కంకులు విరుచుకుని తిన్నానని చెప్పాడు. అది పాపమా అయ్యగారూ? శిష్యులు విశ్రాంతి దినాన చేనులో వెన్నులు తుంచి తింటే యేసు వాళ్ల పక్షాన మాట్లాడలేదా?

నాయన లేవలేదు. ఊళ్లో మాత్రం కంకుల దొంగ అని పేరు మిగిలింది. పోయేదాకా ఆయన అనుకున్నది ఒక్కటే: ఇంకా ఏదో గుర్తు రావాలి, అది గుర్తొస్తే దేవుడు వదిలేస్తాడు అని. రాత్రిళ్లు నిద్ర లేకుండా పాపాలు వెతుక్కునేవాడు. అదే మా ఇంట్లో విన్న సువార్త.

రాళ్ల బడి గారు 250 కోట్ల ఏళ్లు అన్నప్పుడు మీకు కోపం వచ్చింది. నాకు ఏడుపు వచ్చింది. మా నాయన పుట్టకముందే, ఆదాము పుట్టకముందే ఆ రాతిలో అది ఉందని ఒక్కరు ఆయనకు చెప్పి ఉంటే చాలు.

నిర్వాహకుడు:
ఎవరి ఇంటి వ్యక్తులనూ తక్కువ చేసి రాయవద్దు. చర్చ తెరిచే ఉంచుతున్నాను, నిదానంగా రాయండి.

సాయంత్రపు గంట:
అమ్మా, మీ నాయన గారి కోసం రేపు పూజలో ప్రార్థిస్తాను.

కల్వకుర్తి చెల్లె:
అక్కా, మా పెద్దనాయనదీ ఇదే కథ. ఇంట్లో ఎవరూ బయటికి అనరు.

వాక్యమే దీపం:
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. మీ నాయనకు జరిగింది విని నా గుండె బరువెక్కింది. ఆ సేవకుణ్ని నేను సమర్థించను. నా మాట ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం వినండి.

నేను ఒకప్పుడు తాగుబోతును. సారా ఉన్న రోజుల్లో సారా, తర్వాత దొరికింది. భార్యను కొట్టాను, కూతురి పెళ్లికి దాచిన డబ్బు ఎత్తుకుపోయాను. ఊళ్లో అందరూ నా మీద జాలి పడేవాళ్లు. కూలీ దొరకదు, వానలు లేవు, వలస పోయి చెడిపోయాడు, పాపం వాడు మాత్రం ఏం చేస్తాడు అనేవాళ్లు. ఒక సంస్థ వాళ్లు వచ్చి మా బస్తీ పేదరికం గురించి రాసుకుని ఫొటోలు తీసుకుని పోయారు. ఎవరూ నా ముఖం మీద నువ్వు చేస్తున్నది తప్పు అనలేదు. ఒక ముసలి సేవకుడు వచ్చి అన్నాడు. నువ్వు పాపివి, నీ భార్య ముఖం చూడు అన్నాడు. ఆ రోజు నన్ను మనిషిగా చూసినవాడు ఆయన ఒక్కడే.

అందుకే పాపాన్ని మట్టిలోకి, రాళ్లలోకి, కాలువల్లోకి తోసేస్తుంటే నాకు భయం. రేపు నాలాంటి వాడు వస్తాడు. వాడికి నేల మూలుగుతుంది అని చెప్పి పంపుతారా? ఆదాముకు ముందు మరణం ఉందా లేదా అన్నది నాకు ఎముకల లెక్క కాదు. తప్పు మనిషిదే అని చెప్పే చోటు ఒకటి మిగలాలి.

పాలమూరు వలస:
అయ్యగారూ, ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

నాదీ ఒక మాట. మా తాతల నుంచి మెన్నోనైట్ బ్రదరెన్ సంఘం మాది. ఆ మిషనరీలు పాపం గురించి మెత్తగా చెప్పినవాళ్లు కాదు. అయినా జడ్చర్లలో ఆసుపత్రి కట్టారు. పుండు కడిగిన చేతితోనే బైబిలు తెరిచారు. ఆత్మ మన పని, ఒళ్లు సర్కారు పని అని వాళ్లు విడదీయలేదు.

నాంపల్లి మట్టి:
అయ్యగారూ, మీరు మీ ఇంటి సంగతి దాచకుండా చెప్పినందుకు వందనాలు. ఇప్పుడు మనం ఎక్కడ విడిపోతున్నామో నాకు తెలుస్తోంది.

మీకు పాపివి అన్న మాట మీరు చేసినదాని మీద పడింది, అందుకే మిమ్మల్ని లేపింది. మా నాయన చేసింది నీళ్లు తాగడం. ఆయన మీద ఆ మాట పడితే నలిగిపోయాడు. యోబు స్నేహితులు చేసింది కూడా ఇదే. ఒళ్లంతా పుండ్లతో బూడిదలో కూర్చున్నవాణ్ని నీ పాపం ఒప్పుకో అని వరసగా పీడించారు. చివరికి దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, వాళ్ల మీద. పుట్టు గుడ్డివాణ్ని చూపించి ఎవరి పాపం అని శిష్యులు అడిగితే 'వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు' అని యేసు అన్నాడు.

పాపం లేదని నేను అనడం లేదు. ఉంది, అది ఎక్కడుందో సరిగ్గా చూపించమంటున్నాను. అన్న కయీను చంపిన హేబెలు రక్తం నేలలోంచి మొరపెట్టింది, దేవుడు నేలను కాదు, కయీనును అడిగాడు. నాబోతు ద్రాక్షతోటను రాజు అహాబు లాక్కుంటే ఏలీయా ప్రవక్త తోటకు ప్రసంగం చేయలేదు, అహాబు దగ్గరికి పోయి నిలబడ్డాడు. మన నీళ్లలో ఏముందో చదువుకున్నవాళ్లకు దశాబ్దాలుగా తెలుసు. తెలిసీ పిల్లలతో తాగించడం పాపం. పాపం మీద అంత గట్టిగా మాట్లాడే మన సంఘాలు ఆ పాపం పేరు ఎన్నడూ ఎత్తలేదు. మంచంలో ఉన్నవాడిదే అడిగాయి. నేలకు కూడా విమోచన ఉందంటే మనిషి తప్పు తగ్గిపోదు, ఇంకా పెరుగుతుంది. కాయమని ఇచ్చిన తోటకు లెక్క చెప్పాలి కదా.

పేతురు చెప్పిన మంట గురించి కూడా. అదే అధ్యాయంలో నోవహు నాటి లోకం నీళ్లలో నశించిందని ఉంది. నశించింది అన్న ఆ లోకంలోనే ఓడ దిగాక నోవహు ద్రాక్షతోట వేశాడు. కాలిపోతుంది అన్నాక వచ్చే మాట కొత్త ఆకాశం, కొత్త భూమి. భూమే అక్కర్లేకపోతే కొత్త భూమి ఎందుకు?

ఇప్పుడు నల్లాలో కృష్ణ నీళ్లు వస్తున్నాయి, మిషన్ భగీరథ వచ్చాక మా బడి పిల్లల పళ్లు మారాయి, అది నేను రోజూ చూస్తున్నాను. మా మందిరంలో మాత్రం నల్లా రాని రోజున ఇప్పటికీ బోరు నీళ్లే కుండలో పోస్తారు. వచ్చే సంఘ కమిటీలో రెండు అడుగుతాను. ఆ బోరు నీళ్లు పరీక్ష చేయించాలి. జబ్బు మనిషిని జనం ముందు నిలబెట్టి పాపం ఒప్పించడం మా మందిరంలో జరగకూడదు.

రాళ్ల బడి:
నీళ్లు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టండి, ఫ్లోరైడ్‌కు గాజు వద్దు. బోరు కొంచెంసేపు నడిపాక పట్టాలి. జిల్లా కేంద్రంలో నీటి పరీక్ష ల్యాబ్ ఉంది. కావాలంటే నేనే వచ్చి నీళ్లు పడతాను.

మునుగోడు రైతు:
మా మందిరం బోరు కూడా చూడన్నా.

వాక్యమే దీపం:
నాబోతు సంగతి ఒప్పుకుంటున్నాను. ఏలీయా లాంటి నోరు మన సంఘాలకు లేదు, అది నిజం.

యాకోబు 5 మాత్రం బైబిల్లోంచి పోదు. నేను పడకల దగ్గర పాపం గురించి అడుగుతూనే ఉంటాను. తలుపు వేసి, మనిషి ఒక్కడే ఉన్నప్పుడు. లేవకపోతే దాచాడని అనను. ఆదాము విషయంలో మీరెవరూ నన్ను కదిలించలేదు, మరణం ఆయన ద్వారానే వచ్చింది. కొత్త భూమి గురించి మీరు రాసింది చదివాను, దానికి జవాబు రాస్తాను, కొంచెం టైం ఇవ్వండి.

రాళ్ల బడి గారూ, దేవరకొండ దాకా వస్తే మా మందిరం బోరు నీళ్లు కూడా పట్టండి. మా దగ్గర కూడా అవే తాగుతున్నాం.